కోడ్ ఇవ్వనంత మాత్రాన పంచుకోనట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని మీరు వేసిన పేజీలో తెలుగు సాఫ్ట్‌వేర్ గురించి ఒక వ్యాసం చదివాను. మంచి వ్యాసమే, చాలావరకు ఒప్పుకుంటాను కూడా. కానీ అందులో ఒకచోట, తెలుగులో యాప్‌లు చేసే కుర్రాళ్లు సోర్స్ కోడ్, అంటే యాప్ తయారుచేయడానికి రాసిన అసలు రాత, దాచుకుంటున్నారనీ, అలాంటివాళ్లకు భాషకు మేలు చేస్తున్నామని చెప్పుకునే అర్హత లేదనీ, గిడుగు రామమూర్తి గారు కూడా ఇలాగే దాచుకుని ఉంటే మనకేం మిగిలేదనీ రాశారు. ఆ చివరి మాట దగ్గర నాకు చిరాకేసింది. మాది పర్లాకిమిడి. ఆయన పాఠాలు చెప్పిన ఊరు, సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు చేసిన ఊరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మా ఊరు అటు వెళ్లిపోతే ఆయన ఇల్లు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మా తాతలు వెళ్లలేదు, దుకాణం ఉంది కదా, ఎక్కడికి వెళ్తారు. అలా మిగిలినవాళ్లం మేం. ఆయన పేరు తీసి మా మీదకి విసిరితే ఒక మాట చెప్పుకోవాలి కదా అని రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, మీకు కుదిరినంత వేయండి.

నాది బజారులో చిన్న మొబైల్ రిపేర్ దుకాణం. దాని పక్కనే నేను చేసే రెండో పని, దుకాణాలవాళ్లకు బిల్లు కొట్టే యాప్. ఫోన్‌లో సరుకులు నొక్కితే, 58 మిల్లీమీటర్ల కాగితం చుట్ట పట్టే చిన్న ప్రింటర్‌లోంచి బిల్లు వస్తుంది. ఇందులో గొప్పేముంది, అలాంటివి వంద ఉన్నాయి అంటారు. ఉన్నాయి. కానీ మా దగ్గర నది అవతల ఆంధ్రలో పాతపట్నం, ఇవతల ఒడిశాలో పర్లాకిమిడి. ఒకే రోజు ఒకే దుకాణానికి తెలుగు మాత్రమే చదవగలిగే ముసలాయన వస్తాడు, ఒడియా మాత్రమే చదివే కాశీనగర్ ఆవిడ వస్తుంది, ఇద్దరికీ అర్థమయ్యే బిల్లు కావాలి. ఇంగ్లీషు బిల్లు ఇస్తే ఇద్దరూ మడిచి జేబులో పెట్టుకుని, నోటితో మళ్లీ లెక్క అడుగుతారు.

ఆ ప్రింటర్లకు ఇంగ్లీషు అక్షరాలు లోపలే ఉంటాయి, తెలుగు ఉండదు. అందుకని తెలుగు బిల్లు అంటే నిజానికి ఒక బొమ్మ. వెడల్పు 384 చుక్కలు, అంతలో మొత్తం బిల్లుని బొమ్మగా గీసి పంపాలి. మొదట్లో నేను వరుసకి వరుసకి మధ్య ఖాళీ ఇంగ్లీషు లెక్కలో పెట్టాను. ఒకావిడ బిల్లు పట్టుకుని వచ్చింది, పేరు లక్ష్మి. క్ష కింద వేలాడే మకారపు వత్తు సగంలో తెగిపోయింది. "నా పేరుకి కాళ్లు ఇరగ్గొట్టీసావేటి బాబూ" అంది. ఆ వత్తులు తెగకుండా, అలాగని కాగితం వృథా కాకుండా ఒక్కో వరుస ఎత్తు దాని అక్షరాలను బట్టి లెక్కగట్టే ముక్క రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది, రాత్రి షట్టర్ దించాక.

ఇంకో తమాషా చెబుతాను, మీ పాఠకుల్లో తెలిసినవాళ్లు తక్కువే ఉంటారు. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది, యూనికోడ్ అంటారు. ఒడియా క సంఖ్యకి 256 కలిపితే తెలుగు క వస్తుంది. ఒడియా మ కి 256 కలిపితే తెలుగు మ. ఎందుకంటే మన దేశపు ముఖ్యమైన లిపుల్ని చాలావరకు అంతకుముందున్న ఒక భారతీయ ప్రమాణాన్ని బట్టి ఒకే వరుసలో పేర్చారు. కాబట్టి ఖాతాదారు పేరు ఒడియాలో కొడితే తెలుగులోకి మార్చడం ఒక్క కూడికతో అయిపోతుందని సంబరపడ్డాను. అయిపోలేదు. ఒడియాలో య లాంటి అక్షరాలు రెండున్నాయి, ఒకటి జ లాగా పలుకుతారు, ఇంకొకటి మన య లాగా. ఆ రెండోదానికి 256 కలిపితే తెలుగులో అక్కడ ఏ అక్షరమూ లేదు, బిల్లు మీద ఖాళీ పెట్టె పడింది. హ్రస్వమైన ఎ, ఒ ఒడియాలో లేనే లేవు, కాబట్టి రెడ్డి గారు ఒడియా నుంచి తిరిగొచ్చేసరికి రేడ్డి గారు అయిపోతాడు. ఇలాంటి మినహాయింపులన్నీ కలిపి ఒక పట్టిక చేశాను. ఆ పట్టిక సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. మీ వ్యాసంలో చెప్పినట్టే నేను మొదట కోడ్ అంతా బయట పెట్టాను. ఉద్యోగానికి ఒకచోట ఇంటర్వ్యూకి పిలిస్తే, చేసిన పని చూపించమన్నారు, కోడ్ దాచుకునే, పంచుకునే గిట్‌హబ్ అనే సైట్‌లో అందరికీ కనబడేలా పెట్టేసి లింక్ ఇచ్చాను. ఉద్యోగం రాలేదు. కోడ్ అలాగే ఉండిపోయింది, ఏడాది దాకా దాని ముఖం కూడా చూడలేదు. తర్వాత ఒకరోజు బరంపురం వెళ్లినప్పుడు పెద్ద బజారులో పప్పులు కొంటుంటే బిల్లు వచ్చింది, తెలుగులోనూ ఒడియాలోనూ. నా గుండె ఝల్లుమంది. వరుసల మధ్య ఎత్తు నాదే. అయినా నమ్మబుద్ధి కాలేదు, ఇంకెవడికైనా ఇదే ఆలోచన రాకూడదా అనుకున్నాను. అప్పుడే ప్రింటర్ ఆగిపోయింది, దుకాణదారు ఫోన్ మీద ఒక సందేశం వచ్చింది: "ప్రింటర్ దొరకలేదు, మళ్లీ ప్రయత్నిచండి". ప్రయత్నించండి కాదు, ప్రయత్నిచండి. సున్నా లేదు. అది నేను నిద్రమత్తులో ఎగరగొట్టిన సున్నా. ఎవరో కుర్రాడు యాప్ పేరు మార్చాడు, రంగు మార్చాడు, అడుగున తన ఫోన్ నంబరు పెట్టుకున్నాడు, నా తప్పు మాత్రం ముట్టుకోలేదు.

ఆ కుర్రాడిని పట్టుకుని మాట్లాడాను. మంచివాడే, మన తెలుగువాడే, దొంగలాగా తల దించుకోనూ లేదు. "నెట్‌లో ఉంది కదన్నా, అందరిదీ అనుకున్నాను" అన్నాడు. నాకు కోపం రావాలి, కానీ నిజం చెప్పాలంటే అప్పటికి నాకూ సరిగా తెలియదు. ఇంటికొచ్చాక చదవడం మొదలుపెట్టాను. తెలిసిందేమిటంటే, కనబడేదంతా వాడుకోవచ్చని కాదు. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా కథ, నవలల్లాగే సాహిత్య రచన కింద లెక్క. రాసిన క్షణం నుంచే హక్కు రాసినవాడిది, నమోదు చేయకపోయినా సరే, రచయిత పోయాక 60 ఏళ్ల దాకా ఉంటుంది. ఉద్యోగంలో భాగంగా రాస్తే మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, అది యజమానిది. కంపెనీల్లో పనిచేసే తమ్ముళ్లు ఈ ముక్క చదవకుండా పగటి కోడ్ రాత్రి నెట్‌లో పెడుతుంటారు. ఎవరు ఎలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్స్ ఏదీ రాయకుండా పబ్లిక్‌గా పెడితే చూడొచ్చు, గిట్‌హబ్ నిబంధనల ప్రకారం అక్కడికక్కడే ఫోర్క్ చేసుకోవచ్చు, అంటే తన ఖాతాలోకి ఒక నకలు తీసుకోవచ్చు, అంతవరకే. తీసుకెళ్లి పేరు మార్చి అమ్ముకోవడానికి అనుమతి రాదు. అక్రమ కాపీ అని తెలిసీ ప్రోగ్రామ్ వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా అని చట్టంలో ఉంది. పప్పుల దుకాణం ఆయన మీద నేను కేసు పెడతానా? పెట్టను. ఆయన చేతికి వాట్సాప్‌లో ఫైల్ వచ్చింది, ఆయన నొక్కాడు. ఆయనకేం తెలుసు.

నా రిపోని, అంటే గిట్‌హబ్‌లో కోడ్ ఉంచిన సంచిని, వెంటనే బయటివాళ్లకు కనబడకుండా ప్రైవేట్ చేశాను. హమ్మయ్య అనుకున్నాను. కాదు. అప్పటికే ఎవరైనా ఫోర్క్ చేసుకుని ఉంటే, మూలం ప్రైవేట్ చేసినా ఆ ఫోర్క్‌లు పబ్లిక్‌గానే ఉండిపోతాయి. రెండున్నాయి, ఒకటి ఇప్పటికీ ఉంది. ఇంకా ఘోరమేమిటంటే అందులో నా మెసేజ్‌ల సేవ తాలూకు రహస్య తాళం కూడా ఉంది, అంటే ఖాతాదారులకు ఎస్సెమ్మెస్ పంపే కీ. దాన్ని ఎప్పుడో ఒకరోజు తీసేశాననే అనుకున్నాను, ఫైల్లోంచి తీసేశాను కూడా, కానీ గిట్ అనేది పాత మార్పులన్నీ గుర్తుపెట్టుకుంటుంది, పాత పేజీలోకి వెళ్తే తాళం అక్కడే వేలాడుతోంది. ఆ నెల ఎస్సెమ్మెస్ బిల్లు నా దుకాణం అద్దె కంటే ఎక్కువ వచ్చింది. పాత తాళం రద్దు చేసి కొత్తది తీసుకోవడం తప్ప దానికి వేరే మందు లేదు. ఈ తప్పు నాదే, ఎవరినీ అనను.

ఇంత జరిగాక నేను యాప్ మూసేసుకుని కూర్చోలేదు. పంచుకోవడం ఒక నిర్ణయం, కోడ్ ఇవ్వడం ఇంకో నిర్ణయం, ఈ రెండిటినీ విడదీశాను. మీ వ్యాసకర్త విడదీయనిది ఇదే.

ఇప్పుడు నాకు రెండు రిపోలు. ఒకటి ప్రైవేట్, అందులో అసలు కోడ్. ఇంకొకటి పబ్లిక్, అందులో కోడ్ ఒక్క ముక్క ఉండదు. యాప్ ఏం చేస్తుందో తెలుగులోనూ ఒడియాలోనూ రాసిన పరిచయం, బొమ్మలు, ఏ ప్రింటర్లతో పనిచేస్తుందో జాబితా, ప్రతి కొత్త వెర్షన్ ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ వేసుకునే ఫైల్), ఎవరికైనా ఇబ్బంది వస్తే రాయడానికి చోటు, ఇవన్నీ అక్కడే. ప్రైవేట్‌వి ఉచితంగా పెట్టుకోవచ్చని చాలామందికి ఇప్పటికీ తెలియదు. ఒకప్పుడు డబ్బు కట్టాలి, 2019 జనవరి నుంచి ఉచితం చేశారు, అప్పుడు ముగ్గురు తోడుపనివాళ్ల దాకానే, 2020 ఏప్రిల్లో ఆ పరిమితి కూడా తీసేశారు. ఒక్కటి జాగ్రత్త. సొంత ఖాతాలో ఉన్న ప్రైవేట్ రిపోకి ఎవరినైనా చేరిస్తే వాళ్లకి చదవడంతోపాటు మార్చే అధికారం కూడా వెళ్తుంది, చదవడం వరకే ఇవ్వాలంటే ఆర్గనైజేషన్ అని వేరే ఖాతా తెరవాలి. నేను మొదట మా మేనల్లుడిని చేర్చాను, చూడరా అని. వాడు చూడడంతో ఆగలేదు.

ఈ పద్ధతిలో ఒక నవ్వొచ్చే ఇబ్బంది ఉంది. వెర్షన్ విడుదల చేసిన ప్రతిచోటా గిట్‌హబ్ తనంతట తానే సోర్స్ కోడ్ అని ఒక జిప్ లింక్ కూడా పెడుతుంది. ఆ జిప్‌లో ఆ రిపోలో ఉన్నదే ఉంటుంది, అంటే నా విషయంలో పరిచయం ఫైలూ నాలుగు బొమ్మలూ. రాయగడ నుంచి ఒక కాలేజీ కుర్రాడు రాత్రి పది గంటలకి ఫోన్ చేశాడు, "సార్, మీ సోర్స్ కోడ్ దింపాను, అందులో బొమ్మలే ఉన్నాయి, కోడ్ పాడైపోయినట్టుంది". పాపం నవ్వకూడదు. ఆ మర్నాడే పరిచయంలో పైన పెద్ద అక్షరాల్లో రాశాను: ఇది ఉచితంగా వాడి చూడటానికి, కోడ్ ఇవ్వటంలేదు, మార్చి అమ్మడానికి అనుమతి లేదు. అలా చెప్పేస్తే ఎవరికీ కోపం రాదు. కోడ్ ఇవ్వకుండా ఓపెన్ సోర్స్ అని బోర్డు పెట్టుకునేవాళ్లున్నారు, వాళ్లతోనే నాకు పేచీ. కోడ్ చూడనిచ్చినంత మాత్రాన కూడా అది ఓపెన్ సోర్స్ అయిపోదు. మార్చుకునే, మళ్లీ పంచే, వ్యాపారానికి వాడుకునే హక్కు లైసెన్స్‌లో ఇస్తేనే ఆ పేరు.

ప్లే స్టోర్‌లో కూడా పెట్టాను, 25 డాలర్లు ఒకసారి కట్టి. ఇప్పుడు కొత్తగా సొంత పేరు మీద ఖాతా తెరిస్తే, అందరికీ విడుదల చేసేముందు 12 మంది చేత వరసగా 14 రోజులు పరీక్ష చేయించాలి. విసుక్కున్నాను గానీ ఆ 14 రోజులే నాకు బాగా కలిసొచ్చాయి. మా బజారులో పన్నెండు మంది దుకాణదారుల ఫోన్‌లలో వేశాను. కంచు సామాన్ల దుకాణం ఆయన సరుకుని కిలోల్లో అమ్ముతాడు, కూలి విడిగా వేస్తాడు, ఆ పద్దు యాప్‌లో లేదు. కోడ్ నెట్‌లో ఉంచిన ఏడాదిలో ఇలాంటి మాట ఒక్కడూ చెప్పలేదు. వీళ్లు కోడ్ చూడకుండానే పద్దెనిమిది లోపాలు చెప్పారు.

వాట్సాప్‌లో ఫైల్ తిరగడం మాత్రం ఆగదు, మన జనం అంతే. అందుకని ప్రతి వెర్షన్‌కి ఎస్‌హెచ్‌ఏ-256 అనే వేలిముద్ర లాంటి సంఖ్య మా పేజీలో పెడతాను, మీ దగ్గరున్న ఫైల్ నాదో కాదో సరిచూసుకోవచ్చు. ఎంతమంది చూస్తారంటే, ఎవరూ చూడరు, ఇద్దరు ముగ్గురు తప్ప. కానీ ఆండ్రాయిడ్ లోపల ఇంకో కాపలా ఉంది. యాప్‌ని నా సంతకపు తాళంతో ముద్ర వేసి ఇస్తాను, వేరేవాడి ముద్రతో అదే యాప్ తెచ్చి పాతదాని మీద అప్‌డేట్‌లా వేద్దామంటే ఫోన్ ఒప్పుకోదు. ఆ తాళం ఫైల్ పోగొట్టుకుంటే నా చేతులతో పంచే ఏపీకేకి నేను కూడా అప్‌డేట్ ఇవ్వలేను, అందుకని మూడు చోట్ల దాచాను, ఒకటి మా అమ్మ బీరువాలో, పట్టుచీరల కింద, పెన్‌డ్రైవ్‌లో.

అయితే కోడ్ దాచడమంటే ఇనప్పెట్టెలో పెట్టడం అనుకోకండి. ఏపీకే ఇచ్చామంటే సగం ఇచ్చినట్టే. జాడెక్స్ లాంటి ఉచిత పనిముట్లతో దాన్ని విప్పితే చదవగలిగే రూపంలో చాలా బయటికొస్తుంది. పేర్లన్నీ ఎ, బి, సి అని మార్చి గజిబిజి చేసే ఆర్‌8 అనే ఏర్పాటు ఆండ్రాయిడ్ పనిముట్లలోనే ఉంది, అది వాడతాను, దానివల్ల విప్పేవాడికి తలనొప్పి వస్తుంది, తాళం మాత్రం పడదు. బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ అయితే అసలు దాచేదేముంది, అది చూసేవాడి మెషీన్‌కే వెళ్తుంది కదా. కాబట్టి నిజంగా రహస్యమైనది యాప్‌లో పెట్టకూడదు, సర్వర్‌లో, అంటే మన అధీనంలో ఉండే కంప్యూటర్‌లో ఉంచాలి. ఎస్సెమ్మెస్ దెబ్బ తిన్నాక ఇది నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

మా వీధి చివర కిరాణా దుకాణం బాబాయ్ ఉన్నారు, డెబ్బై దాటాయి. యాప్ వేసి, నేర్పించి, ఏడాదికి 600 అని చెప్పాక, డబ్బు తీసి కౌంటర్ మీద పెట్టి దాని మీద చెయ్యి పెట్టి ఉంచి అడిగారు. "ఒరే, రేపు నీకేటైనా అయితే నా లెక్కలు ఏటవుతాయి?" నాకు వెంటనే జవాబు రాలేదు. ఓపెన్ సోర్స్ వాళ్ల దగ్గర దీనికి జవాబు ఉంది, ఇంకెవడైనా అందుకుంటాడు అంటారు, అందుకోవడానికి ఎవరూ రాని ప్రాజెక్టులు బోలెడున్నా సరే. నా దగ్గర ఆ జవాబు కూడా లేదు. ఆ రాత్రి ఆలోచించి రెండు పనులు చేశాను. ఒకటి, ఎప్పుడు కావాలంటే అప్పుడు లెక్కలన్నీ మామూలు ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైల్‌గా బయటికి తీసుకునే బొత్తం పెట్టాను, డబ్బు కట్టడం మానేసినా ఆ బొత్తం పనిచేస్తుంది. రెండు, కోడ్ మొత్తం కాపీ విశాఖలో ఉన్న స్నేహితుడి దగ్గర పెట్టి, నేను ఆరు నెలలు పలక్కపోతే దాన్ని బయట పెట్టమని కాగితం మీద రాసిచ్చాను. పెద్ద కంపెనీలు దీన్నే ఎస్క్రో అని, మూడో మనిషి దగ్గర కోడ్ ఉంచడం అని, లాయర్లతో చేయిస్తాయి. మాది పది రూపాయల కాగితం మీద రెండు సంతకాలు. బాబాయ్‌కి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి అప్పుడు డబ్బు మీద నుంచి చెయ్యి తీశారు.

కోడ్ మూసి ఉంచేవాడు ఇలాంటివి చేయాలని నా అభిప్రాయం. ఏ సమాచారం తీసుకుంటాడో చెప్పాలి, లెక్కలు వెనక్కి ఇవ్వాలి, పోతే ఏంటో చెప్పాలి. ఇవేమీ లేకుండా మూసి ఉంచితే మీ వ్యాసకర్త తిట్టినా నేనూ పక్కన నిలబడి తిడతాను.

ఇంకో సంగతిలో నేను పూర్తిగా ఆయన పక్షమే. ప్రజల డబ్బుతో చేసినది, ప్రజల మీద బలవంతంగా వేసినది తెరిచే ఉండాలి. ఆరోగ్యసేతు గుర్తుందా, 2020 ఏప్రిల్ 2న విడుదల చేశారు, లోపల ఏం చేస్తోందని అందరూ అడిగాక మే 26న ఆండ్రాయిడ్ కోడ్ బయట పెట్టారు. మొదటి రోజే పెట్టి ఉంటే అంత గొడవ ఉండేది కాదు. కేంద్ర ప్రభుత్వానికి 2015 నుంచీ ఓపెన్ సోర్స్ వాడాలనే విధానం కాగితం మీద ఉంది మరి. కానీ ప్రభుత్వాన్ని అడిగే ప్రశ్న పర్లాకిమిడిలో 600 రూపాయలకి యాప్ అమ్ముకునేవాణ్ణి అడగడం ఏం న్యాయం?

నేను కూడా ఎవరి చెరువులోనో నీళ్లు తాగేవాణ్ణే, అది దాచను. నా బిల్లు మీద అక్షరాలు నోటో ఫాంట్లు, తెలుగుకొకటి ఒడియాకొకటి, రెండూ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉచితంగా ఇచ్చినవి, మూసి ఉంచిన యాప్‌లో కూడా కలుపుకోవచ్చు, ఫాంట్‌ని మాత్రం విడిగా అమ్మకూడదు. వత్తులు, గుణింతాలు సరైన చోట కూర్చోబెట్టేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ పనిముట్టు, ఆండ్రాయిడ్‌లోనే ఉంటుంది. ఒకసారి పీడీఎఫ్ కోసం ఒక లైబ్రరీ తెచ్చి కలిపేశాను, తర్వాత చూస్తే అది జీపీఎల్. దాన్ని కలిపి యాప్ పంచితే యాప్ కోడ్ మొత్తం అదే లైసెన్స్ కింద ఇవ్వాలి, ఎవరైనా అడిగితే లేదనకూడదు. తీసేసి ఎంఐటీ లైసెన్స్ ఉన్న ఇంకోటి వెతుక్కున్నాను, దానికి వాళ్ల పేరూ లైసెన్స్ పాఠమూ యాప్‌లో చూపిస్తే చాలు. కోడ్ మూసి ఉంచాలనుకునే కుర్రాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే, చాలామంది చూడరు.

అందుకని నాకు చేతనైనంత వెనక్కి ఇచ్చాను. ఒడియా నుంచి తెలుగుకి పేర్లు మార్చే పట్టిక చెప్పాను కదా, అదీ, వత్తులు తెగకుండా వరుస ఎత్తు లెక్కగట్టే ముక్కా, రెండూ ఎంఐటీ లైసెన్స్‌తో విడిగా పబ్లిక్‌గా పెట్టాను. అవి ఎవరికైనా పనికొస్తాయి, ఆసుపత్రి చీటీకి, బస్సు టికెట్టుకి, దేనికైనా. వాటిని దాచుకోవడం నాకే సిగ్గుగా అనిపించింది. దుకాణం పద్దులు, అప్పుల లెక్క, ఏడాది చందా వసూలు చేసే భాగం మాత్రం నాది, దాని మీద మా ఇంట్లో నలుగురు బతుకుతున్నారు.

కాపీరైట్ నమోదు కూడా చేయిద్దామని కాగితాలు చూశాను. 2021లో మార్చిన నిబంధనల ప్రకారం సోర్స్ కోడ్ మొదటి 10 పేజీలు, చివరి 10 పేజీలు ఇస్తే సరిపోతుంది, మొత్తం 20 పేజీల లోపైతే అంతా ఇవ్వాలి, ఎక్కడా నల్లగా పూయకూడదు. అచ్చు తీయిస్తే నా మొదటి పది పేజీల్లో లక్ష్మి వత్తు ముక్కే ఎక్కువ ఉంది, అది ఇప్పటికే ఊరందరిదీ. ఇంకా పంపలేదు.

మీకు ఒక విన్నపం. మీ ఆదివారం పేజీలో లైసెన్స్‌ల గురించి తేలిక తెలుగులో ఒక్క పేజీ వేయండి. జీపీఎల్ అంటే ఏంటి, ఎంఐటీ అంటే ఏంటి, ఏదీ రాయకపోతే ఏమవుతుంది అని. బరంపురం కుర్రాడు అది చదివి ఉంటే నాకు ఫోన్ చేసేవాడేమో. తర్వాత ఫోన్ చేశాడులెండి, ఈ మధ్యనే. ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్‌లో బ్లూటూత్ అనుమతులు మారాయి, వాడి యాప్ ప్రింటర్‌కి కలవడం మానేసింది, వాడికి ఎక్కడ దిద్దాలో తెలియలేదు. రైలెక్కి మా ఊరు వచ్చాడు. టీ తాగించి, ఇప్పుడు నా యాప్‌నే బరంపురంలో కమీషన్ మీద వేసిపెట్టమన్నాను, పదకొండు దుకాణాల్లో వేశాడు.

వెళ్లేటప్పుడు ఆ సున్నా సంగతి చెప్పాడు, "అన్నా, ప్రయత్నించండిలో తప్పుంది, దిద్దలేదేం" అని. దిద్దను. మీ పాఠకుల్లో ఎవరికైనా ఏ ఊళ్లోనైనా ప్రింటర్ ఆగిపోయి మళ్లీ "ప్రయత్నిచండి" అని కనబడితే, అడుగున ఉన్న ఫోన్ నంబరుతో సహా మీ పత్రికకి ఒక కార్డు ముక్క రాయమనండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా